పసుపు రాసిన కాలు

ఆదివారం రాత్రి, ఎల్లారెడ్డి

జాతర పందెంలో సాయన్న గుర్రమే గెలిచింది. పొద్దున అది కుంటుతుంటే నొప్పి తెలియకుండా సూదిమందు వేసింది నేనే. "ఉరుకుతదా డాక్టర్ సాబ్?" అని కమిటీ పెద్దమనిషి అడిగితే తల ఊపిందీ నేనే.

సాయంత్రం ఆనవాయితీగా గెలిచిన గుర్రాన్ని ఇంటింటికీ తిప్పారు. మా గడప ముందు అమ్మ దాని కాళ్లు కడిగి, పసుపు రాస్తూ ఆగిపోయింది.

"ఈ ముందు కాలు గింత వేడిగున్నదేంది బిడ్డా?"

"ఉరికొచ్చింది గదమ్మా, గట్లనే ఉంటది."

పశువుల డాక్టరైన కొడుకు చెప్పాడు కదా, నమ్మింది. వాచిన ఆ కాలి మీద ఇంకాస్త పసుపు మెత్తింది. గుర్రం కదలకుండా నిలబడింది. దానికింకా ఏమీ తెలియడం లేదు.

ఈపాటికి సూదిమందు ప్రభావం దిగిపోయి ఉంటుంది. సాయన్న ఫోన్ చేస్తూనే ఉన్నాడు. నేను ఎత్తకుండా ఇది రాస్తూ కూర్చున్నాను.