గరిటెల గుర్తు

నవంబర్ 4, మంగళవారం

మళ్లీ డైరీ మొదలుపెట్టాను. ఆఫీసులో ఫోన్ లాకర్లో పెట్టాలి. పెన్ను, కాగితం కూడా లోపలికి పోనివ్వరు. మింగిన మాటలన్నీ ఇంటికొచ్చి ఇక్కడ కక్కాల్సిందే.

మా పని గురించి ఎవరికీ చెప్పనని సంతకం చేశాను. డైరీకి చెప్పొద్దని అందులో లేదు. గల్ఫ్‌లో ఒక దేశం. అక్కడి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు బ్యాగులకి ఎక్స్‌రే తీస్తారు. మెషీన్‌కి అనుమానం వచ్చిన బొమ్మ ఇక్కడ హైదరాబాదులో, రాయదుర్గం ఆఫీసులో నా స్క్రీన్ మీదికి వస్తుంది. పేరుండదు, ముఖముండదు. తిండి నారింజ రంగు, ఇనుము నీలం. బటన్లు రెండే. క్లియర్ అంటే వదిలేయడం, చెక్ అంటే అక్కడ బ్యాగు విప్పించడం. ఒకటిన్నర నిమిషంలో ఏదీ నొక్కకపోతే సిస్టమే చెక్‌కి పంపేస్తుంది.

హైదరాబాద్ ఫ్లైట్లు నాకే ఇస్తారు. సకినాలేవో వైర్ల చుట్టలేవో నాకు చూడగానే తెలుస్తుందని. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి సకినాల స్పెషలిస్టునయ్యాను.

నవ్వుకుంటాను కానీ ఈ పని నాకిష్టం. పోయిన నెల కుక్కర్ అడుగున దాచిన మత్తు టాబ్లెట్లు పట్టింది నేనే. మంచి సరుకు ఆగకూడదు, చెడ్డది దాటకూడదు అని మా మేనేజర్ అవినాష్ గారు రోజూ చెప్తారు. అన్ని బ్యాగులూ విప్పుతూ కూర్చుంటే ఎయిర్‌పోర్టే ఆగిపోతుంది. అందుకే మేము.

నవంబర్ 6, గురువారం

మా ఇంటి ఓనర్ నీలమ్మక్క తమ్ముడు వేణు ఆదివారం ఆ దేశానికే పోతున్నాడు, హోటల్లో వంటవాడిగా. కింద బ్యాగు సర్దుతుంటే పోయి కూర్చున్నాను. పచ్చళ్లు, మసాలాలు, ఒక చిన్న ఇనుప రోలు. రోలెందుకురా అంటే, మిక్సీల ఏసింది గూడ అల్లమేనా అక్కా అని వాడి వాదన.

అంతలో అక్క గసగసాల పొట్లం తీసింది. వద్దక్కా అన్నాను.

మనకవి మటన్‌లో వేసే గసాలు. అక్కడి చట్టానికి నల్లమందు గింజలు. దొరికితే జైలే. ఎక్కడో చదివానని చెప్పాను. గసాలకు గూడ జైలా, గదేం దేశమే తల్లీ అని అక్క పడీపడీ నవ్వింది. నేను నవ్వకపోయేసరికి, సరే తియ్, ఫికర్ చేయకు, తీసేస్త అంది. తీసి పక్కన పెట్టడం కళ్లారా చూశాను.

నవంబర్ 9, ఆదివారం, సాయంత్రం

వేణు బ్యాగు నాకే వచ్చింది.

మధ్యలో నీలంగా రోలు, దాంట్లో రోకలి. ఆ రోలు నేను చేత్తో ఎత్తి చూసిందే. దాని కింద నారింజ రంగు మూట. మూట నడుమ సన్నటి గింజలు, గింజల చుట్టూ పిండి.

నువ్వులయ్యుంటాయనుకున్నాను. అక్క తీసేసింది కదా, నేను చూశాను కదా అనుకున్నాను. నువ్వుల గింజ అలా ఉండదని నా కంటికి తెలుసు. రోజూ చూసే కన్ను. వేణు అక్కడ బెల్టు పక్కన నిలబడి, బ్యాగు ఇంకా రాలేదేంటని చూస్తుంటాడు. కొత్త చొక్కా వేసుకుని పోయాడు.

క్లియర్ నొక్కాను.

నవంబర్ 10, సోమవారం

వేణు డ్యూటీలో చేరాడట. అక్క మిఠాయి పంపింది, డబ్బా మూత కూడా తీయలేదు.

నవంబర్ 13, గురువారం

అక్క ఇవాళ నిజం చెప్పింది, అదీ గొప్పగా. నేను పైకి వెళ్లగానే ఆ పొట్లాన్ని మళ్లీ బియ్యప్పిండిలో పెట్టి కట్టిందట. ఉత్తగ పరేషాన్ చేసినవ్ పిల్లా, ఏం గాలే చూడు అంది.

ఏం కాలేదన్న సంగతి వీధంతా పాకింది. ఎదురింటి కనకలక్ష్మమ్మ అల్లుడు దినేశ్ శనివారం పోతున్నాడు, డ్రైవర్ పని. ఆమె అప్పుడే పావుకిలో గసాలు కట్టిందట. వెనక వీధిలో ఇంకో ఇద్దరు సోమవారం బయల్దేరుతున్నారు. వాళ్లిళ్లలో కూడా కడుతున్నారు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈ గసాలపాపంలో మాత్రం పిడికెళ్లు వాళ్లవి, పాపమంతా నాది. కనకలక్ష్మమ్మ కూతురు పింకీకి ఏడో నెల. భయంగా ఉంది.

నవంబర్ 14, శుక్రవారం

పొద్దున అవినాష్ గారు పిలిచారు. ఆదివారం నేను వదిలిన బొమ్మ ఆడిట్‌లో తగిలింది. తిట్టలేదు. మీ కన్ను తప్పదని పేరు కదండీ స్వప్న గారూ, అలసిపోయుంటారు, చూసుకోండి అన్నారు. తిట్టినా బాగుండేది.

బోరబండలో రైలు దిగి నేరుగా కనకలక్ష్మమ్మ ఇంటికి పోయాను. గసాలు తీసేయమన్నాను. వేణు మంచిగనే పోయిండు కదా అంది. ఇక దాచలేకపోయాను. వేణుని వదిలింది అదృష్టం కాదు, నేనే అని చెప్పాను. నా పనేంటో, ఆ బటన్లేంటో అన్నీ చెప్పేశాను.

భయపడుతుందనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. దేవుడే నిన్ను ఆడ కూసోబెట్టిండు బిడ్డా, మరి రేపు గూడ నువ్వే ఉంటవు కద అంది.

మొదటికే మోసం వచ్చింది. రేపు నాకు వీక్ ఆఫ్ అన్నాను. జర మార్పించుకో అంది. బట్టల మీద రెండు గరిటెలు పెడ్త, ఒకటి అడ్డం, ఒకటి నిలువు, నీకు ఎరుకయితది అని గుర్తు కూడా చెప్పింది. నేను అరిచాను. పేగులు తెగేలా అరిచాను. పింకీ లోపలినుంచి వచ్చి, గసాలు లేకుంటే ఆయనకు మటన్ ముద్ద దిగదక్కా అంది. దినేశ్ ఫోన్ చూసుకుంటూ నవ్వాడు.

దినేశ్ బ్యాగు జిప్పు లాగబోయాను. కనకలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుని తీసేసింది. మెల్లగానే తీసింది. రేపు నేను రాను, రాను అని గుమ్మంలో నిలబడి రెండుసార్లు చెప్పాను. వస్తావులే అన్నట్టు తలూపింది.

నవంబర్ 15, శనివారం

షిఫ్ట్ మార్చుకున్నాను.

గరిటెలు కనబడ్డాయి. ఒకటి అడ్డం, ఒకటి నిలువు. కింద నారింజ రంగు. క్లియర్ అంటే సోమవారానికి వీధి వీధంతా కడుతుంది. చెక్ అంటే పింకీ. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టైమ్ అయిపోయి బొమ్మ దానంతటదే చెక్‌కి పోయింది.

షిఫ్ట్ అయ్యాక లాకర్లోంచి ఫోన్ తీస్తుంటే మోగుతోంది. కనకలక్ష్మమ్మ. గరిటెలు కనబడ్డయా బిడ్డా అని అడిగింది.

కనబడ్డాయని చెప్పాను.