ఆక్సిజన్ చివర్లో ఏం చేస్తుంది

బంగారం లాంటి అక్కకి,

ఎలా ఉన్నావని అడిగే స్థిమితం కూడా లేదు నాకు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి స్టాఫ్‌రూంలో మూడుసార్లు లేచి తిరిగి కూర్చున్నాను.

నిన్న నమూనా పరీక్ష పేపర్లు దిద్దాను. కణ శ్వాసక్రియలో ఒక ప్రశ్న వచ్చింది: ఆక్సిజన్ అందకపోతే శక్తి తయారీ ఎక్కడ, ఎందుకు ఆగిపోతుంది? నలభై ఇద్దరిలో ఒక్కరూ రాయలేదు. వాళ్లనేం అంటాను? ఆ పాఠం చెప్పిన రోజు, క్లాసంతా ప్రశ్నలపిట్ట అని పిలిచే అమ్మాయి లేచి, "ఆక్సిజన్ చివర్లో ఏం చేస్తుంది మేడమ్?" అని అడిగింది. "పరీక్షకి అంత లోతు అక్కర్లేదు, కూర్చో" అన్నాను.

నువ్వూ జీవశాస్త్రం చెప్పేదానివే, నీ దగ్గర దాపరికమెందుకు. నాకు తెలియదక్కా. గ్లూకోజ్ విరుగుతుంది, మైటోకాండ్రియాలో శక్తి పుడుతుంది, శక్తి దాచే ఏటీపీ అణువులు ఇన్ని వస్తాయి... ఎప్పుడో బట్టీ పట్టిందే పదకొండేళ్లుగా అప్పజెబుతున్నాను. రానిదల్లా "అక్కర్లేదు" అన్న మాట చాటుకి నెట్టేశాను. అసలు పరీక్షకి ఇరవై రోజులే ఉంది. వాళ్లకి పాఠం వచ్చిన మనిషి కావాలి. రాజీనామా రాసుకున్నాను, సోమవారం ప్రిన్సిపాల్‌కి ఇచ్చేస్తాను. వద్దనకు.

నీ చెల్లి


అక్కా,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. సోమవారం ప్రిన్సిపాల్ గదికి వెళ్లేముందు క్లాసుకెళ్లి పేపర్లు పంచాను. "ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలియదు. అక్కర్లేదని ఆ రోజు అబద్ధం చెప్పాను" అన్నాను.

ప్రశ్నలపిట్ట తల వంచుకునే అంది, "మాకు తెలుసు మేడమ్. రానిది అడిగితే మీరు చాక్‌పీసు విరుస్తారు. అందుకే అడగడం మానేశాను."

వాళ్లు కనిపెట్టినందుకు సిగ్గేసింది. మానేశానన్న మాట వినగానే చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను.

"ఇప్పుడు అడుగుతావా?" అన్నాను. అడిగింది. లైబ్రరీ నుంచి లావుపాటి పుస్తకం తెప్పించి, బల్ల చుట్టూ అందరం మూగి చదివాం. గ్లూకోజ్ నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు చేతులు మారుతూ వస్తాయి, చివర్న అందుకునేది ఆక్సిజన్. అందుకుని నీరవుతుంది. అది లేకపోతే అందుకునే దిక్కులేక వెనక వరసంతా నిలిచిపోతుంది. "అయితే మనం ఊపిరి పీల్చేది ఈ చివరి పనికా?" అంది వెనక బెంచీ అమ్మాయి. ఎవరూ నవ్వలేదు.

గంట కొట్టాక ప్రశ్నలపిట్ట తన నోటుబుక్కు వెనక పేజీ తెరిచి చూపించింది. నేను "కూర్చో" అని కొట్టేసిన ప్రశ్నలు తొమ్మిది, తేదీలతో సహా. వాటిలో ఆరు ప్రశ్నలకి నాకు జవాబు రాదు. రాజీనామా చించేశాను. ఆదివారం వచ్చి నా పక్కన కూర్చో. నీకూ రానివి ఏమైనా ఉంటే పిల్లల్నే అడుగుదాం.

నీ చెల్లి