మావయ్య మెచ్చిన కార్డు

తమ్ముడూ,

ఇక్కడ అందరం క్షేమం. నీ ఆరోగ్యం కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

నువ్వు న్యాయనిర్ణేతగా సంతకం పెట్టి అవార్డిచ్చిన గ్రాఫిక్స్ కార్డునే నీ మేనకోడలు కొనుక్కుంది. పెట్టె మీద అవార్డు స్టిక్కర్ చూపించి, "మావయ్య మెచ్చిందమ్మా, ఇక తిరుగులేదు" అంది. బొమ్మల సినిమా పని మొదలుపెట్టిన అరగంటకే అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, కంప్యూటర్ ఆగిపోతోంది. శుక్రవారానికి పని అప్పగించాలి. తానే సరిగ్గా బిగించలేదనుకుని నాలుగుసార్లు విప్పి బిగించింది.

కంప్యూటర్లు బాగుచేసే అతను చూసి నవ్వాడు. "నీ తప్పేం లేదమ్మా. అవార్డుకి కంపెనీవాళ్ళు ఏరి కోరి మంచి కార్డు పంపుతారు. జడ్జీలు దాన్ని ఏసీ గదిలో పది నిమిషాలు నడిపి చప్పట్లు కొడతారు" అన్నాడు. ఆ మాట నమ్మక పిల్ల మళ్ళీ విప్పుతోంది. నీ మీద దానికి అంత గురి.

ఈ ఏడు సంతకం పెట్టేముందు కొట్లోంచి ఒకటి తెప్పించి, మామూలు గదిలో రోజంతా నడిపించు. అది తర్వాతి సంగతి. ముందు పిల్లకి ఫోన్ చేసి, ఆ కార్డును నువ్వు ఎంతసేపు చూశావో ఉన్నదున్నట్టు చెప్పు.

మామూలుగా అయితే దేవుడికి చెప్పుకుని ఊరుకునేదాన్ని. కానీ తప్పు తనది కాదని అది నమ్మాలంటే నువ్వే చెప్పాలి.

అక్క