ముహూర్తం లేని రోజు

బెంగళూరు
7-6-2001, గురువారం

చిరంజీవి సౌభాగ్యవతి వరూధినికి,

మీ నాయన ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం సోమవారం అందింది. చిన్నికి జ్వరం తగ్గిందని, అల్లుడికి పగటి డ్యూటీ వేశారని చదివి కొంత నెమ్మది కలిగింది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ అమ్మ ఉంది. ఎప్పుడూ రాసేటట్టు ఆమె కూడా బాగుందని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు.

ఖరగ్‌పూరులో ఎండ తగ్గలేదని రాశావు. ఇక్కడ రెండు వానలు పడ్డాయి. వంటింటి గోడ మళ్ళీ చెమ్మ పట్టింది. ఈ యేడు సండిగ వడియాలు ఎందుకు పంపలేదని అడిగావు. పెట్టలేదమ్మా. మీ అమ్మ మిద్దె మెట్లు ఎక్కలేదు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా స్నానం చేస్తోందని, నిద్రపోతోందని చెప్పాను. అది నిజం కాదు. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసినప్పటి నుంచి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆ గొంతు వింటే నువ్వు భయపడతావని ఆమే ఫోన్ దగ్గరికి రానంటుంది.

గేటుకు అడ్డంగా కార్లు పెట్టేవాళ్ళ మీద స్టేషన్లో రాసి ఇవ్వమని అల్లుడు చెప్పాడని రాశావు. ఆయన మన వీధి చూసి నాలుగేళ్ళయింది కనుక కొంచెం వివరంగా రాస్తాను. నువ్వు కాపురానికి పోయేనాటికి మన ఎదుట కట్టెల డిపో ఉండేది. ఇప్పుడు అక్కడ కల్యాణ మంటపం కట్టారు. లోపల ఎనిమిది వందలమంది కూర్చోవచ్చునట. కార్లకు మాత్రం జాగా విడవలేదు. మన గేటు సంగతి నీకు తెలుసు. లోపల నీళ్ళ సంపు గట్టు అడ్డమని బయటికి తెరుచుకునేటట్టు పెట్టించాను. కారు ఆనించి పెడితే ఆటో సంగతి అటుంచి మనిషి దూరడానికి కూడా సందు ఉండదు. గోడ మీద గాజుపెంకులు నాటించిందీ నేనే.

నో పార్కింగ్ అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాయించి బోర్డు కట్టాను. దాని కిందే పెడతారు. ఒకాయన దానికి కోటు తగిలించి భోజనానికి పోయాడు. మంటపం వాచ్‌మన్ ఓబళప్పను అడిగితే, “ఏమప్పా గంగప్పా, పెండ్లోళ్ళు నా మాట వింటారా? కాకీ అంగీ ఉండాదని నన్ను పోలీసు అనుకుంటివా?” అన్నాడు. కారువాళ్ళను అడిగితే, “సొల్పం అడ్జస్టు చేసుకోండి సార్, ఐదే నిమిషాలు” అంటారు. ఆ ఐదు నిమిషాలు తాళి కట్టి, అక్షింతలు పడి, మూడో బంతి లేచేదాకా సాగుతాయి. స్టేషన్‌కూ పోయాను. అక్కడి హెడ్ కానిస్టేబుల్, “మీ ఇంట్లో పెండ్లి అయినప్పుడు రోడ్డు మీద షామియానా వేయలేదా యజమానీ?” అన్నాడు. నీ పెండ్లికి రెండు రోజులు వీధి మూసి పందిరి వేశాము. రాసుకుపోయిన కాగితం మడుచుకుని వచ్చేశాను.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. మీ అమ్మ డయాలసిస్ మంగళ, శుక్రవారాల్లో కదా. ఉగాదికి కొత్త పంచాంగం తెచ్చి, పెండ్లి ముహూర్తాలు చూసి, క్యాలెండర్‌లో ఆ తేదీలకు ఎర్ర సున్నాలు చుట్టాను. మంగళవారం పెండ్లిండ్లు తక్కువ. శుక్రవారం సున్నా పడితే శనివారానికి మార్చమని ఆసుపత్రిలో సిస్టరును బతిమాలేవాణ్ణి. “మీరు పురోహితులా సార్?” అని ఆమె నవ్వేది. ముహూర్తం లేని రోజు రియాజ్ తన ఆటోను మెట్ల దాకా వెనక్కి తెచ్చేవాడు. మీ అమ్మ నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి కూర్చునేది. ఆషాఢం ఎప్పుడొస్తుందా, ఈ పెండ్లిండ్లు ఎప్పుడు ఆగుతాయా అని ఎదురు చూసేది ఈ వీధిలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. మే నాలుగో తేదీన అమ్మకు ఆయాసం వచ్చిందని, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచారని రాశాను. ఆ రోజు జరిగింది నీకు సగమే తెలుసు.

అది శుక్రవారం. క్యాలెండర్‌లో ఎర్ర సున్నా ఉంది. ముందే శనివారానికి మార్పించాను. తెల్లారి ఏడింటికి పాలకు పోదామని చూస్తే గేటుకు ఆనించి తెల్ల కారు ఉంది. గేటు జానెడు కూడా తెరుచుకోలేదు. పాలవాడు గేటు సందులోంచి నాకు ప్యాకెట్టు అందించి, “జైల్లో ములాఖత్ మాదిరి ఉండాది సామీ” అని నవ్వి పోయాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండింది. ఈరోజు మనకు బయటికి పోయే పని లేదు, ఈ కారు సాయంత్రం దాకా ఇక్కడే ఉన్నా మనకు నష్టం లేదు అనుకున్నాను. గేటు కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి, ఇటువైపు రెండు టైర్ల వాల్వుల్లో అగ్గిపుల్ల గుచ్చి పట్టుకున్నాను. గాలి పూర్తిగా పోయేదాకా కూర్చున్నాను. లోపలికి వచ్చి కాఫీ కలుపుకుని తాగాను. ఆ పూట కాఫీ రుచిగా ఉండింది. అది కూడా దాచకుండా రాస్తున్నాను.

పదింటికి మీ అమ్మకు ఊపిరి అందలేదు. మంగళవారం నుంచి మిషను ఎక్కలేదు, ఒంట్లో నీరు నిలిచిపోయింది. పడుకోలేదు, కూర్చోలేదు. గేటు దగ్గర నిలబడి నేను అరిచిన అరుపులకు ఓబళప్ప పరుగెత్తుకుని వచ్చాడు. మేళం ఆపించి మైకులో కారు నంబరు చెప్పించింది అతనే. ఇన్నేండ్లలో పిలిచిన వెంటనే ఎవరూ రాలేదు. ఆ రోజు వచ్చారు. కారాయన పేరు వెంకటరమణ. నగర్తపేటలో జరీ అంగడి. చేతికి అంటిన కేసరిబాతు కడుక్కోకుండానే తాళంచెవి పట్టుకుని పరుగున వచ్చాడు. “తప్పైపోయింది సామీ, ఇదో తీసేస్తా” అన్నాడు. బండి స్టార్టు చేశాడు. గాలి లేని చక్రం సరిగా తిరగలేదు. ఆత్రంగా తోలేసరికి ముందు చక్రం బండ మీంచి జారి మోరీలో పడింది. కారు గేటుకు ఆనుకునే ఇరుక్కుపోయింది.

ముక్కాలు గంట పట్టింది. పెండ్లికి వచ్చిన పన్నెండుమంది పట్టుచొక్కాలు విప్పి కారు ఎత్తి పక్కన పెట్టారు. అప్పటికి మీ అమ్మ పెదవులు నల్లబడినాయి. అర్ధగంట ముందు తెచ్చి ఉంటే గుండె ఇంత దెబ్బ తినేది కాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆమె నడవలేదు. నేనూ ఇంకొకరూ కుర్చీతో సహా ఎత్తాలి.

ఆ ఇంకొకరు ఎవరో కూడా చెప్పాలి. వెంకటరమణే. ఆసుపత్రి నుంచి వచ్చిన వారం ఆయన ఇంటికి వచ్చి మీ అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, “నా కారు అడ్డం ఉండబట్టే కదమ్మా నీకీ గతి” అని ఏడ్చాడు. అప్పటి నుంచి మంగళ, శుక్రవారాల్లో ఆరింటికి అదే కారు తెస్తున్నాడు. ముందురోజే మంటపం మేనేజరుకు ఫోన్ చేసి మన గేటు ముందు కుర్చీలు వేయిస్తాడు. నేను మూడేండ్లు బతిమాలితే కానిది ఆయన ఒక్క ఫోనుతో అవుతుంది. ఇప్పటికి ఆరుసార్లు ఆ కారులో పోయాము. నేను ముందు సీట్లో కూర్చుంటాను. ఆయన మాట్లాడుతుంటే నేను కిటికీలోంచి బయటికి చూస్తుంటాను.

మొన్న మంగళవారం దారిలో మీ అమ్మ ఆ బొంగురు గొంతుతో, “నీదేం తప్పు లేదప్పా. గాలి తీసినోడు ఎవడో, వాణ్ణి ఒకసారి నా ముందర నిలబెట్టు” అంది.

“దొరికినాడమ్మా” అన్నాడు ఆయన. “ఆ వాచ్‌మన్ ఓబళప్పే. కార్లోళ్ళతో వానికి ఎప్పుడూ జగడమంట. ఓనరుకు చెప్పి నిన్ననే తీసేయిస్తిని.”

“వాడా! ఆ పొద్దు నా కోసం ఎంత పరిగెత్తె! ఏమండీ, వింటిరా?” అని మీ అమ్మ నా భుజం తట్టింది.

విన్నానన్నాను.

తిరిగి వచ్చాక ఓబళప్ప గదికి పోయాను. మంటపం వెనక రేకుల గది అది. సామాను మూట కట్టుకుంటున్నాడు. “నువ్వన్నా చెప్పప్పా గంగప్పా, నేను అట్లాటోణ్ణా?” అన్నాడు. కాదని చెప్పాను. ఎవరో మాత్రం చెప్పలేదు. శనివారం గది ఖాళీ చేయాలట.

రెండు రాత్రులుగా ఆలోచిస్తున్నాను. ఆషాఢానికి ఇంకా రెండు వారాలుంది. ఆషాఢంలో గేటుకు అడ్డం ఉండదు, రియాజ్ ఆటో చాలు, అప్పుడు చెబుదామనుకున్నాను. అప్పటికి ఓబళప్ప ఎక్కడుంటాడో తెలియదు. ఆషాఢం తరువాత శ్రావణం ఎట్లాగూ వస్తుంది. చెబితే వెంకటరమణ రాడు. ఆయన రాకపోతే గేటు తెరుచుకోదు. గేటు తెరుచుకోకపోతే మీ అమ్మ నాలుగు రోజులు కూడా ఉండదు. ఎటు తిప్పి చూసినా ఇక్కడికే వచ్చి ఆగుతున్నాను. గేటు లోపలికి తెరుచుకునేటట్టు మార్చడానికి, సంపు గట్టు కొట్టడానికి మేస్త్రీని పిలిచాను. సోమవారం గాని రానన్నాడు. అయినా మనిషి దూరే సందు వస్తుందే గాని, ఎదుట కారుంటే ఆటో రాదు.

రేపు శుక్రవారం. ముహూర్తం కూడా ఉంది. ఆయన కారులోనే పోతాము. మీ అమ్మను మిషను మీద పడుకోబెట్టేదాకా చెప్పను. ఇది స్వార్థమని తెలుసు. ఆమెకు సూది గుచ్చిన తరువాత బయట బెంచీ మీద ఆయనకు చెబుతాను. నాలుగు గంటలయ్యాక, ఆమె లేచి కూర్చున్నప్పుడు ఆమెకు చెబుతాను. తిరిగి రావడానికి రియాజ్‌ను రమ్మన్నాను. ఆటో గేటు దాకా రాకపోతే మన వీధి మొగదల నుంచి ఇద్దరం కుర్చీతో మోసుకుని వస్తాము. ఇంటికి రాగానే మంటపం ఓనరు దగ్గరికి పోతాను.

ఈ ఉత్తరం ఇప్పుడు డబ్బాలో వేయను. జేబులో పెట్టుకుంటాను. ఆసుపత్రి వాకిట పోస్టు డబ్బా ఉంది. ఇద్దరికీ చెప్పిన తరువాత అక్కడ వేస్తాను. ఇది నీ చేతికి వచ్చిందంటే చెప్పేశానని తెలుసుకో. నువ్వు జవాబు రాయవద్దు. అల్లుడికి సెలవు దొరికితే వెంటబెట్టుకుని, దొరక్కపోతే చిన్నిని తీసుకుని, ఉన్న రైలు ఎక్కి రా.

ఇట్లు,
మీ నాయన,
గంగప్ప