రాట్నం ఎనుక గోడ

సరోజనా,

చీరెలు పట్టుకొని సుల్తానాబాద్ అంగడికి పోతున్న. రేపు మాపటికి వస్త. మీ అత్త పోయి ఏడాది తిరిగింది, గీ దసరాకు ఇల్లు మంచిగ చెయ్యాలె. సున్నం కుండల నానవెట్టిన. జర నీలిమందు కలిపి గోడలకు ఎయ్యి. కింద అంచుకు ఎర్రగ జాజు పుయ్యి. రంగు కాయితాలు కొనకు, వానకు కరుగుతయి. మగ్గం కాడ సంచిల నూలు కొసలు దాచిన. ఎర్రయి, పచ్చయి ఏరి మామిడాకుల నడుమ కట్టి తోరణం చెయ్యి. కొన్నదానికన్న మంచిగుంటది.

రాట్నం ఎనుక గోడకు మాత్రం సున్నం ఎయ్యకు. మీ అత్త నూలు కండెలు చుట్టి చుట్టి అలిసి తల ఆనిచ్చిన జాగ అది. ఆ నూనె మరక పాడుగున్నదని నువ్వు పక్కింటి ఎల్లక్కతోటి అన్నవ్. నాకు ఇనవడ్డది. దాన్ని ఉండనియ్యి.

మీ మామ

గడప దాటినోన్ని మళ్ల లోపటికి వచ్చి రాస్తున్న. గా గోడను ఇంకోసారి చూసిన. ఆమె ఉంటే పండుగ పూట గా మరకను ఉండనియ్యకపోయేది. "గిదేం ఇల్లు, జర సిగ్గన్న లేదా" అని నన్నే తిట్టేది. గా గోడకు గూడ సున్నం ఎయ్యి. నేను రాకముందే ఎయ్యి. నా ముందట వద్దు.