డోలు లేని శాక్సఫోన్లు

ఖాసిం భాయ్,

నువ్వు మన గదిలోనే కన్నుమూసి ఇవాళ్టికి ఏడాది. ఈ మధ్యాహ్నం దుబాయ్ డేరాలో నేను పనిచేసే హోటల్లో నలుగురు శాక్సఫోన్ కచేరీ చేశారు. వాళ్లది లాత్వియా అట, ఒకప్పుడు రష్యా ఏలుబడిలో ఉన్న చిన్న దేశం. అక్కడివాళ్లు ఈమధ్యే కట్టిన సంగీతమట. డోలు లేదు, పాడేవాళ్లు లేరు. కర్నూలులో మన పెళ్లి బ్యాండులో నువ్వు ఒక్కసారైనా అలా వాయించాలని చూస్తే, "డప్పు కొట్టండయ్యా!" అని జనం అరిచేవాళ్లు గుర్తుందా?

ఇక్కడ ఎవరూ అరవలేదు. ఒకరి ఊపిరి అయిపోయే చోట ఇంకొకరు మెల్లగా అందుకున్నారు. నాతో కుర్చీలు వేసిన కరీంనగర్ రాజన్న చెవిలో అడిగాడు.

"గిది పెండ్లి పాటనా, సావు పాటనా?"

"తెలీదన్నా, ఇను."

అయిపోయాక పెద్ద శాక్సఫోన్ వాయించినామెకు వచ్చీరాని ఇంగ్లీషులో నీ గురించి చెప్పాను.

"ఆయన శాక్సఫోన్ ఇప్పుడు ఎవరు వాయిస్తున్నారు?" అని అడిగింది.

గదికి రాగానే మంచం కింద నుంచి నీ శాక్సఫోన్ పెట్టె లాగాను. క్లారినెట్‌కు అలవాటైన వేళ్లు కదా, మీటలు దొరికాయి. ఊదితే మాత్రం మేక అరిచినట్టు వచ్చింది. పక్క మంచం మీది రాజన్న పడీపడీ నవ్వాడు.

"ఖలాస్, లోపల పెట్టు మద్దిలేటీ!"

పెట్టలేదు. రేపు డ్యూటీ దిగాక మళ్లీ ఊదుతాను. నీలా వాయించడానికి ఏళ్లు పట్టినా సరే, దాన్నిక మూగగా ఉండనివ్వను.

మద్దిలేటి