నా పేరు మిగిలిన పాట

ఎడిసన్, అమెరికా, 1987

అన్నయ్యా,

నిన్న లండన్‌లో నీ తద్దినం పెట్టారని వదిన ఫోన్ చేసింది. ఇవాళ మధ్యాహ్నం నేను నీ గొంతు విన్నాను.

మీ ఇంట్లో టేప్ మెషీన్ పెట్టి నీ మృదంగం రికార్డు చేసుకున్నారే, పెసరట్లంటే పడిచచ్చే ఆ ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్లు! ఆ మొదటి రికార్డుతోనే వాళ్ల దశ తిరిగింది. ఇప్పుడు అమెరికా అంతా తిరిగి వాయిస్తున్నారు. మా లత కాలేజీకీ వచ్చారు. "మామయ్య ఫ్రెండ్స్ అమ్మా, యూ హావ్ టు కమ్" అని లత నన్ను కార్‌లో లాక్కుపోయింది.

వాళ్ల పద్ధతి నీకు తెలుసుగా. పాటంతా ఒకసారి వినిపించి, తర్వాత ఒక్కొక్క వాద్యాన్నే తీసేస్తారు. మిగిలిన ముక్కని ప్రతిధ్వనిలా సాగదీస్తారు. గిటార్ పోయింది, డ్రమ్స్ పోయాయి. నీ మృదంగం ఒక్కటే మిగిలింది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

"సరోజా! తలుపెయ్యవే!"

నేను లండన్ వచ్చినప్పుడు, ఆ రికార్డింగ్ రోజు, కాఫీ గ్లాసులతో తలుపు తోసుకుని వస్తే నువ్వు అరిచిన అరుపు అది. ఎప్పుడో చెరిపేసి ఉంటారనుకున్నాను. హాలంతా నా పేరే మోగుతోంది. జనం ఈలలు వేస్తున్నారు.

"అమ్మా, దట్స్ యువర్ నేమ్!" అంటూ లత నా చెయ్యి పట్టుకుంది.

అప్పటికే నేను లేచి నిలబడ్డాను. "వేస్తున్నా అన్నయ్యా" అని వెనక్కి తిరిగాను.

తలుపు వేసే ఉంది.